మార్చిలో కొట్టిన కట్టెలు

మా చిలొయే దీవిలో
వాన వచ్చిందని ఎవరూ చెప్పుకోరు,
ఆగితేనే చెప్పుకుంటారు.
ఆరిన కట్టె ఉన్న ఇల్లే
ఇక్కడ కలిగిన ఇల్లు.

మార్చి నెలాఖరుకి
మా నాన్న ఎలెవుతేరియో
కట్టెల కొట్టాన్ని చూరు దాకా నింపాడు.
ఏప్రిల్ రెండో మంగళవారం
పడవ ఇంజను విప్పుతూ విప్పుతూ
"కాస్త ఆయాసంగా ఉంది, ఈ స్పానర్ పట్టుకో"
అన్నాడు తమ్ముడితో.
ఎర్నాల్దో ఇంకా ఆ స్పానర్ కింద పెట్టలేదు.
కోటు జేబు చిరిగింది దాని బరువుకి.

తొమ్మిది రాత్రులు ప్రార్థన.
పక్క దీవుల వాళ్లు పడవలేసుకుని వచ్చారు.
వచ్చినవాళ్లకి వేడి సూపు, రొట్టె;
పొయ్యి ఒక్క గంట ఆరింది లేదు.
మూడో రాత్రి గాని నాకు తట్టలేదు
మేం కాలుస్తున్నది
ఆయన చేతి కష్టాన్నేనని.

ప్రతి కట్టే మూరెడు.
కొలిచే టేపు ఎప్పుడో సముద్రంలో పడిపోతే
మళ్లీ కొనలేదు.
"మోచెయ్యి తుప్పు పట్టదు" అనేవాడు.
మా గుమ్మాలు ఆయన మూరలే,
మా మంచాలు, అక్క పెళ్లి బల్ల,
మూడు రోజులే బతికిన చెల్లికి చేసిన పెట్టె -
దాన్ని మాత్రం జానలతో కొలిచాడట,
లెక్క పైకి చెప్పకుండా.

ఆయన పెట్టెకి కొలత తీయడానికి
కాస్త్రో నుంచి వచ్చిన వడ్రంగి
నూట అరవై ఎనిమిది, అన్నాడు.
ఎవరి అంకె అది?

మంచివాడు, మంచివాడు అన్నారందరూ.
తొమ్మిదో రాత్రి రుదెసిందో వచ్చాడు,
దూడ తగాదాలో ఆరేళ్లుగా
మా గడప తొక్కనివాడు.
"దూడ విషయంలో తప్పు మీ నాన్నదే" అన్నాడు.
అని, గోడకి తిరిగి ఏడ్చాడు.
మంచివాడన్న మాటలన్నిటికంటే
అదే నాకు నాన్నలా వినిపించింది.

నేను పుట్టకముందు మా ఇల్లు ఇక్కడ లేదు.
అలలు కోసేస్తున్న ఒడ్డు మీద ఉండేది.
ఊరంతా కలిసి, ఎడ్లు కట్టి,
దుంగల మీద
ఇంటికి ఇంటినే లాక్కొచ్చారు.
అమ్మ నిండు చూలాలు, కడుపులో అక్క.
లోపల చలేస్తుందని
పొయ్యి ఆర్పనివ్వలేదట నాన్న.
గొట్టంలోంచి పొగ వదులుతూ
బంగాళాదుంపల చేల మీదుగా
నడిచొచ్చిన ఇల్లు మాది.
పక్కనే బురదలో నడుస్తూ
కిటికీలోంచి ఒక్కో కట్టే అందించాడట.
"నీ ఇల్లు నన్ను దాటి పోయేలా ఉంది, ఒతీలియా,
కాస్త మెల్లగా నడుపు" అంటూ.

జూలైకి కొట్టంలో వెనక గోడ కనిపించింది.
ఆ గోడ మేం ఎన్నడూ చూడలేదు.
అప్పట్నుంచి తలా ఒక దొంగతనం:
అక్క రెండు స్వెటర్లు వేసుకుని
చలేమీ లేదంది.
తమ్ముడు అడవి నుంచి పచ్చి కట్టె తెచ్చి
ఇల్లంతా పొగ చేశాడు.
నేను ఒకటి దాచాను మంచం కింద,
కణుపు ఉన్నది,
మూడు గొడ్డలి వేట్లకి గాని లొంగనిది.
ఆ మూడు వేట్లూ దాని మీద కనిపిస్తాయి,
మొదటిది పక్కకి జారింది.

ఆగస్టులో ఓ సాయంత్రం
అమ్మ ఊడుస్తూ చూసింది.
ఏమీ అనలేదు కాసేపు.
బొటనవేలితో ఆ జారిన వేటు తడిమింది.
"ఆయన దీన్ని దాచుకోమని కొట్టలేదే" అని
పొయ్యిలో పెట్టింది.
కణుపు కదా, చాలాసేపు కాలింది.
దుంపలు ఉడికాయి. ఉప్పు తక్కువైంది.
ఎవరం అడగలేదు.

మర్నాడు వాన ఆగింది. చెప్పుకున్నాం.
తమ్ముడు జేబులోంచి స్పానర్ తీసి
కిటికీ గట్టు మీద పెట్టి
గొడ్డలి అందుకున్నాడు.
మోచేత్తో కొలిచి కొలిచి
మధ్యాహ్నం దాకా కొట్టాడు.
వాడి మూర నాన్న మూరకంటే
రెండు వేళ్లు ఎక్కువ.
ఒక్క కట్టే పొయ్యిలో పట్టలేదు.

అమ్మ నవ్వింది, ఏప్రిల్ తర్వాత మొదటిసారి.
వాడు తిట్టుకుంటూ
అన్నీ మళ్లీ కోశాడు.